మీసం లేని మేస్త్రి

మా యార్డులో బరువులెత్తేది క్రేను కాదు, మీసం. ఎగతాళికి అంటున్న మాట కాదిది. నిబంధనల పుస్తకంలో బొమ్మతో సహా అచ్చేసి ఉంది.

ఓడలు బాగుచేసే యార్డు మాది. ఒక పక్క ఇనప రేకులు కోస్తుంటారు, ఇంకో పక్క తుప్పు రాలగొడుతుంటారు. పని జోరులో ఉంటే పక్కనే నిలబడి అరిచినా నోరు కదలడం కనిపిస్తుంది తప్ప మాట వినపడదు. క్రేను డ్రైవరేమో ఎక్కడో పైన చిన్న అద్దాల గదిలో కూర్చుంటాడు. అక్కడినుంచి ఓడ కడుపులో ఏముందో అతనికి కనిపించదు. అందుకని కింద సిమెంటు దిమ్మె మీద మేస్త్రి నిలబడి అతనికి సైగ చెయ్యాలి. కుడి మీసం మెలేస్తే ఎత్తాలి. ఎడమ మీసం మెలేస్తే దించాలి. రెండు చేతులతో రెండు మీసాలూ దువ్వితే ఉన్నచోట ఆపాలి. లోకమంతా చేతులూపుతుంది, జెండాలూపుతుంది. మావాళ్లకి అవి ఆనవు.

ఈ పద్ధతికి మూలపురుషుడు మా నాన్నే. ఆయన మేస్త్రిగా చేరిన కొత్తలో ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు ఒకసారి మీసం మెలేసేవాడు. అప్పటి డ్రైవరు అదే సైగ అనుకుని బరువు ఎత్తేశాడు. బరువు వెళ్లాల్సిన చోటికే చక్కగా వెళ్లింది. పై అధికారులు భుజం తట్టారు. ఇక అంతే, ఆ పొరపాటు పద్ధతైపోయింది, పద్ధతి పుస్తకమైపోయింది. మగవాళ్లు యార్డులో చేరాలంటే మీసం కొలిచి తీసుకునేవారు. మీసం సరిగా మొలవని వాళ్లని రంగులు వేసే పనికి తోలేవారు. రంగుల షెడ్డులో ఇప్పటికీ అందరివీ నున్నటి ముఖాలే.

నేను చాలా ఏళ్లు బరువులకి గొలుసులు బిగించే పని చేశాను. ఏ బరువు ఎటు ఒరుగుతుందో చేత్తో తడిమితే తెలిసిపోయేది. నాన్న రిటైరయ్యాక మేస్త్రి పరీక్ష పెడితే రాశాను. నేనే మొదట వచ్చాను. మా మేనేజరు నన్ను దిమ్మె మీద నిలబెట్టి ఫొటో తీయించి, స్త్రీలు అన్ని రంగాల్లోనూ ముందుకు రావాలని ఉపన్యాసం దంచాడు. ఆరునెలలు తాత్కాలికం, పని బాగుంటే పర్మనెంటు అన్నాడు. బాగోకపోతే నేను మళ్లీ గొలుసులకి, మా మరిది దిమ్మె మీదికి. మరిది మంచివాడే. నిగనిగలాడే మీసం. బరువు పైకి లేస్తుంటే భయంతో కళ్లు మూసుకుంటాడు, అదొక్కటే లోపం.

నాకు ఆ దిమ్మె కావాలి. దాచుకోవడం దేనికి, చాలా కావాలి. చిన్నప్పుడు నాన్నకి మధ్యాహ్నం అన్నం తీసుకెళ్లి గేటు దగ్గర నిలబడి చూసేదాన్ని. ఆయన కదిలితే ఇల్లంత ఇనుము కదిలేది. అప్పట్నుంచీ ఉన్న కోరిక.

మొదటి రోజు బరువు తేలికదే, ఒక లంగరు. దిమ్మెక్కి నిలబడ్డాను. మీసం ఉంటే ఎక్కడుంటుందో అక్కడ, కుడివైపు, వేళ్లు కలిపి గాలిని మెలేశాను. లంగరు కదల్లేదు. మళ్లీ మెలేశాను. క్రేను నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోయింది.

పైన ఉన్నది ఎవరో పరాయివాడు కాదు, మా ఆయన. ఒకే కంచం, ఒకే మంచం. కాసేపటికి మెట్లు దిగి వచ్చాడు.

"ఏమైందండీ?" అన్నాను.

"సైగ రాలేదు."

"చేశాను కదా, కుడివైపు."

"కుడివైపు ఏం చేశావ్? మీసం లేదు కదా."

"ఉందనుకోండి."

"అనుకుని ఎత్తితే, రేపు ఏదన్నా అయితే? రూలు ఉంది," అన్నాడు, నా ముఖం తప్ప అన్నీ చూస్తూ.

చుట్టూ చేరినవాళ్లు తలలూపారు. ఒక్కరికీ నా మీద కోపం లేదు. కోపముంటే నాలుగు దులిపేసేదాన్ని. అందరి కళ్లలోనూ జాలి. "పాపం, మంచి మనిషే, మీసమే లేదు," అని ఒకడు ఇంకొకడితో అన్నాడు, ఎవరికో కాలు లేదన్నట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

మేనేజరు గదిలో పంచాయితీ పెట్టారు. మేనేజరుకి ఆలోచన వచ్చినప్పుడల్లా ఎడమ మీసం మెలేసే అలవాటుంది. ఆలోచనలు అరుదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఆ రోజు బాగా మెలేశాడు.

"సార్, మీసం సంగతి వదిలెయ్యండి. చెయ్యి చూసి ఎత్తమని డ్రైవర్లకి ఒక్క మాట చెప్పండి చాలు," అన్నాను.

"అమ్మా, ముప్పై ఏళ్ల పద్ధతి. పద్ధతి మారిస్తే ప్రమాదాలు జరుగుతాయి. దానికన్నా మీరు మారడం తేలిక."

"నేనేం మారను సార్? మీసం పెంచనా?"

"నేను పాతకాలం మనిషిని కాను. మీసం లేదన్న ఒక్క కారణంతో ఒక స్త్రీని ఆపితే నా అంతరాత్మ ఒప్పుకోదు. మీకు హెల్మెట్ ఇచ్చాం. బూట్లు ఇచ్చాం. ఒక మీసం ఇవ్వలేమా?"

గదిలో చప్పట్లు మోగాయి. మా ఆయన కూడా కొట్టాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ దిమ్మె కావాలి. ఒప్పుకున్నాను.

నాటకాల సామాను దుకాణంలోంచి మీసాలు కొని తెప్పించారు. మొదటిది విలన్ మీసం. అది పెట్టుకుని దిమ్మెక్కితే గొలుసులు కట్టేవాళ్లు బెదిరిపోయి పని మానేసి తప్పుకున్నారు. రెండోది దొంగ వేషానిది. మధ్యాహ్నం యార్డులో స్పానరు ఒకటి కనపడకపోతే అందరూ నా వంక చూశారు. మూడోది ఎవరో మహారాజు పాత్రధారిదట, దుకాణంవాడు కళ్లకద్దుకుని మరీ ఇచ్చాడు. అది కుదిరింది. కుడివైపు మెలేశాను. లంగరు లేచింది. ఎడమవైపు మెలేశాను. దిగింది. యార్డు యార్డంతా ఈలలు.

ఆ తర్వాత జరిగింది ఎవరికి చెప్పినా నమ్మరు. మీసం పెట్టుకున్న మరుక్షణం నుంచీ నేను వాళ్లకి అన్ననైపోయాను. అంటే ఎవరికీ నేనెవరో తెలియక కాదు. బాగా తెలుసు. తెలిసే అన్నారు.

మధ్యాహ్నం షెడ్డు నీడలో అన్నం తింటుంటే గొలుసుల పనివాడు ఒకడు పక్కన చేరి గొంతు తగ్గించాడు.

"అన్నా, నీకు గనక చెప్తున్నా. ఆ మేస్త్రమ్మతో మహా చిక్కుగా ఉంది."

"ఏ మేస్త్రమ్మ?"

"అదే, సాయంత్రం నువ్వు మీసం తీసేశాక గేటు దగ్గర హాజరు పిలుస్తుందే, ఆవిడ."

"అది నేనేరా."

"నువ్వే అనుకో. కానీ నీలా కాదు. ఊరికే కేకలేస్తుంది. ఆడవాళ్లకి ఓర్పు ఉండదన్నా. నువ్వూ కేకలేస్తావు, కానీ నీ కేకలో ఒక అర్థం ఉంటుంది."

ఏం చెయ్యను? ఇంకొకడు వచ్చి పెళ్లాం మాట వినట్లేదని నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. మరొకడు బీడీ అందించాడు. మా ఆయనైతే ఒకరోజు పనయ్యాక మెట్లు దిగుతూ, "అన్నా, రేపటి బరువులేంటి?" అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆ పూట ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఏమిటిలా అంటే, అన్నలు వంట చెయ్యరని చెప్పాను. ఆయన నోరెత్తకుండా బియ్యం కడిగాడు.

మా అత్తగారి సంగతి సరేసరి. నా తల దువ్వుకున్నానో లేదో ఆవిడకి పట్టదు గానీ ఆ మీసాన్ని మాత్రం రోజూ దువ్వి, నూనె రాసి, గూట్లో పెట్టేది. పొద్దున్నే జిగురు తెచ్చి ఆవిడే అంటించేది. అంటించాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, "ఇప్పుడు మా పెద్దాడిలా ఉన్నావు," అని మురిసిపోయేది. ఆ జిగురుకి నా పై పెదవంతా ఎర్రగా పొక్కిపోయింది. రాత్రిళ్లు మంట. నవ్వితే చర్మం లాగేది. నవ్వడం తగ్గించాను. అప్పట్నుంచీ మేస్త్రి గంభీరంగా ఉంటాడని పేరు వచ్చింది.

ఇలా ఐదు నెలలు గడిచాయి. ఒక్క బరువూ జారలేదు, ఒక్కరికీ గోరు కూడా చిట్లలేదు. మేనేజరు నన్ను పిలిచాడు.

"మీసం పని చాలా తృప్తిగా ఉంది. పైవాళ్లకి కూడా అదే చెప్పాను. ఇక మీ సంగతే తేలాలి," అన్నాడు.

"నా సంగతి వేరే ఏముంది సార్? పని చేసింది నేనే కదా."

"అదే కదా చిక్కు. ఆ మీసం యార్డు ఆస్తి. రేపు దాన్ని ఇంకొకరు పెట్టుకున్నా ఇలాగే చేస్తుందేమో ఎవరికి తెలుసు? పెద్ద ఓడకి కొత్త ఇంజను దించాలి. అది సరిగ్గా దించితే మిమ్మల్ని పర్మనెంటు చేస్తాను. లేదంటే మీ మరిదికి సొంత మీసం ఉంది."

తల కొట్టేసినట్టయింది. ఐదు నెలలు ఎండలో నిలబడింది నేను, మెప్పు ఆ మీసంలోని గుర్రపు వెంట్రుకలకి. బయటికి వస్తే తలుపు దగ్గర మరిది నిలబడి ఉన్నాడు. "వదినా, నాకు ఆ దిమ్మె వద్దు, నాకు కళ్లు తిరుగుతాయి. నువ్వు గట్టిగా ఉండు," అన్నాడు, నిజంగానే భయపడుతూ. ఆ యార్డులో ఆరోజు నాకు దొరికిన ధైర్యం ఆ పిరికివాడిదొక్కటే.

ఇంజను దించే రోజు యార్డుకి పై అధికారులు వచ్చారు. కుర్చీలు వేశారు. ముందు వరసలో మా నాన్నని కూర్చోబెట్టారు, పద్ధతి పెట్టిన పెద్దమనిషి కాబట్టి. ఆయన తెల్ల మీసం ఎండలో మెరుస్తోంది. దాన్ని ముట్టుకోవద్దని ఆయనకి ముందే చెప్పి ఉంచారు. పని జరుగుతున్నప్పుడు దిమ్మె మీది మనిషి తప్ప ఇంకెవరూ మీసం ముట్టకూడదన్నది కూడా నిబంధనే. కొత్తగా చేరినవాళ్లకి ముక్కు దురద పెట్టినా చెయ్యి పైకి లేవకుండా ముందుగా తర్ఫీదిస్తారు.

కుడివైపు మెలేశాను. ఇంజను లేచింది. రెండంతస్తుల ఇల్లు లేచినట్టు లేచింది. ఓడ పైకప్పు తెరిచిన చోటికి సరిగ్గా పైన వచ్చి ఆగింది. కింద ఓడ కడుపులో ఫిట్టర్లు దాన్ని అందుకోవడానికి తయారుగా ఉన్నారు. ఇక ఎడమవైపు మెలేసి నెమ్మదిగా దించడమే.

అప్పుడు నీళ్ల మీది నుంచి గాలి కొట్టింది. చెమటకి జిగురు అప్పటికే కరుగుతోంది. మీసం ఒక కొస ఊడింది, పట్టుకునేలోపు రెండో కొసా ఊడింది. గాల్లో రెండు చుట్లు తిరిగింది. తెల్ల పక్షి ఒకటి దాన్ని ఏ పురుగనుకుందో, ముక్కున కరుచుకుని క్రేను గది ముందునుంచే ఎగిరిపోయింది. యార్డులో అందరూ తలలెత్తి పక్షిని చూశారు. ఒక్క క్షణం మా యార్డుకి మేస్త్రి ఆ పక్షే.

నేను ఉత్త పెదవి పక్కన గాలిని మెలేశాను. ఎడమవైపు. మళ్లీ ఎడమవైపు. ఇంజను గాలికి ఊగుతోంది గానీ దిగట్లేదు. ఓడ కడుపులోంచి ఫిట్టర్లు ఏదో అరుస్తున్నారు. మేనేజరు పరుగెత్తుకొచ్చి దిమ్మె ఎక్కేసి నా పక్కన నిలబడ్డాడు.

"కంగారు పడకండి! ఆలోచిద్దాం!" అని నా చెవిలో అరిచాడు. ఆలోచిస్తూ ఎడమ మీసం మెలేశాడు.

ఇంజను దబ్బున దిగడం మొదలైంది. ఊగుతున్న ఇంజను, తిన్నగా కూడా లేదు, అలాగే దిగితే ఓడ అంచుకి తగిలి కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది.

"సార్, ఆలోచించకండి!"

"ఏంటీ?"

"మీరు ఆలోచిస్తే అది దిగుతోంది! ఆలోచించడం ఆపండి సార్!"

ఆయన బిత్తరపోయి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. ఇంజను టక్కున ఆగింది. ఆగిందని ఊపిరి పీల్చుకుని, గర్వంగా కుడి మీసం సవరించుకున్నాడు. ఇంజను పైకి లేచింది. అంతలో మరిది కళ్లు మూసుకుని వచ్చి సాయం చేద్దామని దిమ్మె ఎక్కబోయాడు. ఇద్దర్నీ పట్టుకుని కిందికి తోసేశాను. ఇంజను ఉన్నచోటే ఆగిపోయింది.

"ఎవరూ మీసాల మీద చెయ్యి వెయ్యొద్దు! చేతులు వెనక్కి కట్టుకోండి! అందరూ!" అని గొంతు చించుకున్నాను. మాట వినపడకపోయినా నా ముఖం కనపడి ఉంటుంది. యార్డంతా బడిపిల్లల్లా చేతులు వెనక్కి కట్టుకుంది. పై అధికారులు కూడా కట్టుకున్నారు. ఫిట్టర్లని బయటికి రమ్మని గొలుసుల పనివాణ్ణి పంపి, నేను క్రేను మెట్లెక్కాను.

ఇన్నేళ్లలో నేను ఆ గదిలోకి ఎప్పుడూ ఎక్కలేదు. మేస్త్రికి అక్కడ పని లేదు. మెట్లు సన్నగా, నిట్టనిలువుగా ఉన్నాయి. కోపం మీద ఎక్కాను గనక అలుపు తెలియలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లేసరికి మా ఆయన రెండు చేతులతో మీటలు పట్టుకుని, పాలిపోయి కూర్చుని ఉన్నాడు.

"రూలు..." అని మొదలుపెట్టాడు.

నేను జవాబు చెప్పలేదు. అద్దంలోంచి కిందికి చూస్తున్నాను.

కింద పసుపుపచ్చ హెల్మెట్లు కనిపిస్తున్నాయి, చల్లిన శనగపప్పులా. హెల్మెట్ల కింద భుజాలు, భుజాలకి చేతులు. అంతే. మేనేజరు ఎవరో, మరిది ఎవరో పోల్చుకోలేకపోయాను. కుర్చీల వరసలో తల మీద ఏమీ లేని మనిషి ఒకరుంటే నాన్న అనుకున్నాను. ఆయన మీసం కోసం కళ్లు చికిలించి చూశాను. ముక్కే కనపడలేదు, ఇక మీసమెక్కడ?

"ఇక్కణ్ణుంచి మీసం కనిపిస్తుందా?" అని అడిగాను.

మా ఆయన మీటల వంక చూశాడు.

"మిమ్మల్నే అడిగేది. కనిపిస్తుందా?"

"కనపడదు."

"నాన్నది?"

"ఎవరిదీ కనపడదు. ఎప్పుడూ కనపడలేదు."

"మరి ఇన్నేళ్లూ ఎలా దించారు?"

"మోచెయ్యి. మీసం మెలేస్తే మోచెయ్యి పక్కకి లేస్తుంది. అది చూసి."

గాలికి గది కొద్దిగా ఊగింది. కింద ఇంజను కూడా ఊగింది. నేను అడగాల్సింది ఒకటే మిగిలింది. అడగకుండా దిగిపోదామా అని కూడా అనిపించింది, జవాబు నాకు తెలిసిపోయింది కాబట్టి.

"మొదటి రోజు నా మోచెయ్యి కనపడిందా?"

"కనపడింది."

"ఇందాక?"

"కనపడింది."

"మరి?"

"అందరూ చూస్తున్నారు. మీసం లేకుండానే ఎత్తాడు, పెళ్లాం చెయ్యి ఊపితే ఎత్తాడు అంటారని..."

నాకు ఏడుపొచ్చింది. ఆ యార్డులో ఎవరేమన్నా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఎండలో ఉడికిపోతూ, పెదవి పొక్కిపోయి, నవ్వు మానుకుని నిలబడ్డ రోజులన్నీ పైనుంచి ఈ మనిషి చూస్తూనే ఉన్నాడు. రాత్రి ఆ పుండుకి వెన్న రాసింది కూడా ఈ మనిషే. రాస్తూ కూడా చెప్పలేదు. చూడలేకపోయాడంటే క్షమించేదాన్ని. చూశాడు.

కళ్లు తుడుచుకున్నాను. "ఇప్పుడు నేను దిగి వెళ్లి నా ముఖంతోటే నిలబడతాను. చెయ్యి ఎత్తుతాను. దించితే దించండి. దించకపోతే ఆ ఇంజనూ మీరూ ఇక్కడే వేలాడండి. అన్నం కూడా ఇక్కడికే పంపిస్తాను," అన్నాను.

మెట్లు దిగాను. కింద అందరూ ఇంకా చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నారు. దిమ్మె ఎక్కాను. గాలి తగ్గేదాకా, ఇంజను ఊగడం ఆగేదాకా ఉన్నాను. ఫిట్టర్లు మళ్లీ లోపలికి దిగి సిద్ధమన్నారు. ఎడమ చెయ్యి పెదవి దాకా కూడా పోనివ్వలేదు. మోచెయ్యి పక్కకి ఎత్తాను.

ఏమీ జరగలేదు. ఎంతసేపో చెప్పలేను. ఇక అయిపోయింది, రేపటినుంచి గొలుసులే అనుకున్నాను. చెయ్యి మాత్రం దించలేదు.

ఇంజను కదిలింది. అంగుళం అంగుళం దిగింది. రెండు చేతులూ ఎత్తితే ఆగింది. కుడి మోచెయ్యి ఎత్తితే వెంట్రుకవాసి లేచింది, మళ్లీ ఎడమది ఎత్తితే దిగింది. ఓడ కడుపులో తన చోట తాను కూర్చుంది. ఫిట్టర్లు బయటికి తలలు పెట్టి, సరిపోయిందని టోపీలు ఊపారు.

అందరూ నోరెళ్లబెట్టి నా పై పెదవి వైపే చూస్తున్నారు. మేనేజరు కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి, వంగి, పరీక్షగా చూశాడు.

"సన్నగా ఉన్నట్టుంది," అన్నాడు.

"ఏమీ లేదు సార్."

"ఉండే ఉంటుంది. లేకపోతే ఎలా దిగుతుంది?" అని పై అధికారుల వైపు తిరిగాడు. వాళ్లూ వంగి చూశారు. ఒకాయన ఉందన్నాడు, ఒకాయన నీడ అన్నాడు. ఎటూ తేలక మా ఆయన్ని కిందికి పిలిపించారు.

"డ్రైవరూ, నువ్వు చెప్పాలి," అన్నాడు మేనేజరు. "ఈవిడకి మీసం కనపడిందా లేదా? కనపడిందను చాలు, ఇప్పుడే ఇక్కడే పర్మనెంటు చేసేస్తాను. మీసం లేని మేస్త్రిని పర్మనెంటు చేసే అధికారం మాత్రం నాకు లేదు."

ఒక్క అబద్ధం. ఒక్క ముక్క చాలు, ఆ దిమ్మె నాదే. మా ఆయన నా వంక చూశాడు. ఆయన నోటిదాకా వచ్చింది, నాకు తెలుసు. నేను తల అడ్డంగా ఊపాను. వద్దనడం నాకు తేలికైందని ఎవరైనా అంటే వాళ్లకి ఏమీ తెలియదన్నమాట.

"కనపడలేదు సార్," అన్నాడు మా ఆయన. తరవాత మాట అందరికీ వినపడేలా అన్నాడు. "పైనుంచి ఎవరి మీసమూ కనపడదు. మీదీ కనపడదు. ఇన్నేళ్లూ మోచేతులు చూసి ఎత్తాను, మోచేతులు చూసి దించాను. మొదటి రోజు నుంచీ ఈవిడ మోచెయ్యి కనపడింది. కనపడనట్టు నటించాను. మీరందరూ నవ్వుతారని భయపడ్డాను."

రేకులు కోసేవాళ్లు కూడా కోయడం ఆపేశారు. వెనక్కి కట్టుకున్న చేతులన్నీ ఒక్కొక్కటే విడివడి ఎవరి మీసం మీదికి అవి వెళ్లాయి, ఉందో లేదో చూసుకోవడానికి. ఒక్క మా నాన్న చెయ్యి మాత్రం సగం దాకా లేచి ఆగిపోయింది.

"నాది కూడానా అల్లుడూ?" అన్నాడు.

"మీది కూడా మామయ్యా. మీ మోచెయ్యి మాత్రం ఎంత దూరానికైనా స్పష్టంగా కనపడేది."

నాన్న చాలాసేపు తన మోచేతిని చూసుకున్నాడు, ఎవరో కొత్తగా తెచ్చి అతికించినట్టు. మనిషి పరువంతా దాచుకున్న పెట్టెలో ఏమీ లేదని నలుగురిలో తెలిసిపోయింది. ఆయన లేచాడు. నా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఎత్తి, మోచేతిని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"అయితే దీనికి నాదే వచ్చింది," అన్నాడు మేనేజరుతో. "ఇంకేం కావాలి మీకు?"

మేనేజరు ఆలోచించాడు. ఎడమ మీసం దాకా వెళ్లిన చెయ్యి భయపడి కిందికి దిగింది. పై అధికారుల్లో ఒకాయనకి ఆడపిల్లలున్నారో, లేక ఆకలిగా ఉందో తెలియదు గానీ, "మోచెయ్యి ఉన్న మేస్త్రిని పర్మనెంటు చెయ్యొచ్చు కదా?" అన్నాడు. చెయ్యొచ్చన్నాడు మేనేజరు. అక్కడికక్కడే నా మోచేతులు రెండూ ఉన్నాయని ఇద్దరు సాక్షులతో లెక్క పెట్టించి మరీ పర్మనెంటు చేశాడు. మరిది ఆనందం పట్టలేక ఏడ్చేశాడు.

జనం చెదిరాక మా ఆయన నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"కోపంగా ఉందా?"

"ఉంది."

"ఎన్నాళ్లుంటుంది?"

"నాకూ తెలీదు. మీరు నిజం చెప్పారు, అది వేరే సంగతి. దానికి సంతోషం కూడా ఉంది. రెండూ ఉన్నాయి." హెల్మెట్ బిగించుకున్నాను. "పాత ఇంజను లారీకెక్కించాలి. ఎక్కండి పైకి."

"అలాగే," అన్నాడు.

నేను దిమ్మె మీదికి ఎక్కి కుడి మోచెయ్యి ఎత్తాను. ఆయన ఇంకా సగం మెట్ల మీదే ఉన్నాడు. తల తిప్పి చూసి, రెండేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు.